ఎల్లారెడ్డి బ్రాంచిలో ట్రాప్ ఈ

ఇప్పుడు బ్యాంకు బ్రాంచిలోకి పోతే తెరలే కనబడతాయి, సర్వర్ కనబడదు. అదెక్కడో పెద్ద నగరంలో డేటా సెంటర్‌లో ఉంటుంది. అది మొరాయిస్తే మనకు చేరేది "లింక్ లేదు, రేపు రండి" అన్న ఒక్క మాటే. 1990ల నడిమి ఏండ్లలో ఇట్లా ఉండేది కాదు. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా, కంప్యూటర్లు వచ్చిన ప్రతి బ్రాంచికి దాని సర్వర్ దానికే. స్ట్రాంగ్ రూమ్ పక్కన అద్దాల గది, బ్రాంచి మొత్తానికి అదొక్కటే ఏసీ గది, గుమ్మం బయట విడిచిన చెప్పులు. ఎండాకాలం వచ్చిందంటే మేనేజర్లకు ఆ గదిలో పనులు పెరిగేవి.

లోపల ఉన్నది ఒక 486 పెట్టె. మెమరీ 16 ఎంబీ. దాని మీద నడిచేది శాంటా క్రజ్ ఆపరేషన్ అనే అమెరికా కంపెనీ అమ్మిన యూనిక్స్. మేమంతా స్కో అనేవాళ్లం. పెట్టె వెనక ఎనిమిది పోర్టులదో పదహారు పోర్టులదో సీరియల్ కార్డు. దాంట్లోంచి వైర్లు గోడల వెంట పోయి కౌంటర్ల మీది టెర్మినళ్లకు చేరేవి. నల్ల తెర, పచ్చ అక్షరాలు. టెర్మినల్‌కు సొంత బుర్ర లేదు. గుమాస్తా కొట్టిన ప్రతి అక్షరం సర్వర్ దాకా పోయి, తిరిగి వచ్చి తెర మీద పడాల్సిందే. ఇంతమంది గుమాస్తాలకు కలిపి ఉన్నది ఒకే ప్రాసెసర్.

రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. ముందు లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు, వాటి మీద యూనియన్ల అభ్యంతరాలు, ఒప్పందాలు, ఆ తర్వాత టోటల్ బ్రాంచ్ ఆటోమేషన్. మా దిక్కు చిన్న ఊళ్లకు అది వచ్చేసరికి పదేండ్లు పట్టింది.

నేను ఆ పెట్టెలను చూసుకునే ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఫీల్డ్ ఇంజినీర్‌ను. కూర్చునేది నిజామాబాద్‌లో, తిరిగేది కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, బోధన్. కామారెడ్డి అప్పటికి నిజామాబాద్ జిల్లాలోదే. వేరే జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. కామారెడ్డి దాకా మీటర్ గేజ్ రైలు గానీ హైదరాబాద్ పోయే బస్సు గానీ దొరికేది. అక్కడి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి బస్సు. బస్సులో ఒళ్లో టూల్ బ్యాగు, దాంట్లో మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, ఒక డబ్బా ఫ్లాపీలు, పావు అంగుళం టేపు కార్ట్రిజ్‌లు, మ్యాన్యువల్ నుంచి జిరాక్స్ తీసిన కాగితాలు. మా ఊరు ఎల్లారెడ్డి పక్క పల్లెనే గనుక ఆ దిక్కు కంప్లెయింట్ వస్తే ఆఫీసులో మరొకరిని అడిగేవాళ్లు కాదు. "నీ అత్తగారిల్లు పిలుస్తున్నది, పో" అనేవాళ్లు.

ఏ పెట్టె ఎప్పుడు పడుతుందో మాకు పంటల లెక్కన తెలిసేది. కామారెడ్డిలో బెల్లం దిగే రోజుల్లో మార్కెట్ వ్యాపారుల డీడీలు, రైతుల చెక్కులు కలిసి మధ్యాహ్నం రెండు గంటలకల్లా అన్ని టెర్మినళ్లూ నిండిపోయేవి. ఎల్లారెడ్డిలో తాకిడి మృగశిర కార్తెకు. పంట రుణాల కోసం పోచారం కాలువ కింది ఊళ్ల రైతులు పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చునేవాళ్లు. సరిగ్గా అప్పుడే గాలిదుమారం, కరెంటు పోవుడు, యూపీఎస్ బ్యాటరీల మూలుగు. పెట్టె పడ్డదంటే ఆ వరండా అంతా నా దిక్కే చూసేది.

"సారూ, పెట్టె సచ్చిపోయిందంటగ. మా లెక్క గూడ పాయెనా?"

"లెక్క పోలేదు బాపూ. డిస్కుల భద్రంగ ఉన్నది. పెట్టెనే పడ్డది, లేస్తది."

ఆయన నమ్మేవాడు కాదు. నిజానికి ఆ పెట్టె పడింది ఆ లెక్క పోకుండా ఉండటానికే. ఈ సంగతి బ్యాంకువాళ్లకు కూడా చెప్పలేక సతమతమయ్యేవాణ్ణి. మామూలు ప్రోగ్రామ్ ఒకటి తప్పు చేస్తే, యూనిక్స్ నడిబొడ్డున ఉండి అన్నిటినీ నడిపే కెర్నల్ దాన్ని అక్కడికక్కడే చంపి తన పని తాను చేసుకుపోతుంది. తప్పు కెర్నల్ లోపలే జరిగితే దాన్ని ఆపే పెద్ద ఎవడూ లేడు. అప్పుడు అది తనను తానే ఆపుకుంటుంది. తన మెమరీలో ఏదో చెడిందని దానికి తెలుసు, ఏది చెడిందో తెలియదు. ఆ స్థితిలో ఇంకో అడుగు వేసి డిస్కు మీద ఏమన్నా రాస్తే ఖాతాలు పాడైపోవచ్చు. ఇట్లా ఆగిపోవడాన్నే ప్యానిక్ అంటారు. హ్యాంగ్ అయితే మాత్రం ఏమీ మిగలదు, రీసెట్ బటన్ నొక్కి దండం పెట్టుకునుడే. ఈ రెండింటికీ తేడా తెలిసిన మేనేజరు దొరికితే మాకు పండగ.

ప్యానిక్ తెర ఇప్పటికీ నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. మెయిన్ కన్సోల్ మీద ముందు రిజిస్టర్ల, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గడుల, పట్టిక పడేది. సీఆర్0, సీఆర్2, సీఆర్3, తర్వాత సీఎస్, ఈఐపీ, ఆ కింద ఈఏఎక్స్ నుంచి ఈడీఐ దాకా, ఒక్కొక్కదాని పక్కన ఎనిమిది హెక్సా అంకెలు. దాని కింద కెర్నల్ మోడ్ ట్రాప్ అని, టైపు చివర "ఈ" అనే ఇంగ్లిష్ అక్షరం. హెక్సా అంటే పదహారు గుర్తుల లెక్క, తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే అంకెలు. అందులో ఈ అంటే పద్నాలుగు. లేని మెమరీ చిరునామాను ముట్టుకోబోతే ఇంటెల్ ప్రాసెసర్ వేసే కేకకు అది నంబరు. ఆ తర్వాత మెమరీలోని ఇన్ని పేజీలు డిస్కు మీదికి డంప్ చేయబోతున్నానని ఒక వరస, దాని వెంట ఒక్కొక్కటే పడే చుక్కలు. 16 ఎంబీ అంటే నాలుగేసి కేబీల పేజీలు 4096. చుక్కలు ఆగినంక చివరి మాట: పవర్ ఆపినా ఫర్వాలేదు, లేదంటే ఏదో ఒక కీ నొక్కు, మళ్లీ లేస్తాను.

కొంప మునిగేది ఆ కీ దగ్గరే. డంప్ రాసేది డిస్కులో స్వాప్ అనే భాగం మీద. పెట్టె మళ్లీ లేచేటప్పుడు, స్వాప్‌లో డంప్ ఉన్నట్టుంది, దాచుకుంటావా అని అడుగుతుంది. వై కొడితే టేపుకో ఫ్లాపీలకో రాసుకోవచ్చు. ఎన్ కొడితే పెట్టె చకచకా లేస్తుంది, అరగంటలో స్వాప్ వాడకంలోకి వచ్చి డంప్ చెరిగిపోతుంది. కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే ఏ గుమాస్తా వై కొడతాడు? "ఎన్ కొడితే జల్ది లేస్తది సార్, మాకేం ఎరుక" అనేవాళ్లు. వాళ్ల దోషమూ లేదు. 16 ఎంబీని 1.44 ఎంబీ ఫ్లాపీల మీదికి ఎక్కించాలంటే పన్నెండు ఫ్లాపీలు కావాలి. అందులో ఒక్కటి చెడిపోయినా మిగతా పదకొండూ దండగ. టేపు ఉన్న బ్రాంచిలో బతికిపోయేవాళ్లం.

అందుకే ప్రతి సర్వర్ గది తలుపుకు నా చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించేవాణ్ణి. తెలుగులోనే. పెట్టె పడితే ఏ కీ నొక్కకండి, తెర మీద ఉన్నదంతా కాగితం మీద ఎక్కించుకోండి, నాకు ఫోన్ చేయండి. కామారెడ్డిలో ఒక హెడ్ క్యాషియర్ ఆ కాగితం చదివి, "ఇది శవ పంచనామా లెక్క ఉన్నదయ్యా. పోలీసోడు వచ్చేదాక శవాన్ని ముట్టొద్దు, ఎట్ల పడ్డదో అట్లనే ఉంచాలె" అన్నాడు. అంతకంటె బాగా నేను చెప్పలేను. ఆ తర్వాత అందరికీ ఆ మాటే చెప్పాను.

ఎస్‌టీడీ బూత్‌లో హెక్సా అంకెలు చెప్పించుకోవడం ఒక యాతన. డీ అంటే బీ అని వినబడేది, బీ అంటే ఈ అని. ఈ ఫర్ ఎలిఫెంట్, డీ ఫర్ ఢిల్లీ, బీ ఫర్ బాన్సువాడ. ఎనిమిదంకెల చిరునామాలో ఒక్కటి తప్పినా కెర్నల్‌లో వేరే ఫంక్షన్‌లో తేలతాం. పగటి రేటులో పట్టిక మొత్తం చదివితే మీటరు గిర్రున తిరిగేది, అందుకని కొందరు మేనేజర్లు రాత్రి పావు ఛార్జీ వేళ దాకా ఆగి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు. బూత్ బయట వరసలో నిలబడ్డవాళ్లు ఈ ఎలిఫెంట్లూ ఢిల్లీలూ విని ఏమనుకున్నారో!

ఇంత తిప్పలు ఎందుకంటే, అసలు కథ ఆ అంకెల్లోనే ఉన్నది కాబట్టి.

ఒక సమయంలో కంప్యూటర్‌లో వందల పనులు నడుస్తున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఒక్క ప్రాసెసర్ మీద ఒక క్షణాన నడిచేది ఒక్కటే. మిగతావన్నీ ఏదో ఒకదాని కోసం పడుకుని ఉంటాయి. ఒకటి కీబోర్డు నుంచి అక్షరం కోసం, ఒకటి డిస్కు నుంచి బ్లాకు కోసం, ఒకటి ప్రింటర్ ఖాళీ కావడం కోసం. పడుకోబోయే ముందు ప్రతి పని తన రిజిస్టర్లన్నీ మెమరీలో పెట్టి పడుకుంటుంది, లేచినప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగాలి కదా. కాబట్టి మెమరీని డంప్ చేస్తే పడుకున్నవాటి కథ మొత్తం దానంతట అదే వచ్చేస్తుంది. ఎవరు ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌లోకి పోయి, దేని కోసం ఆగారో స్టాక్ అనే చిట్టా విప్పి చదువుకోవచ్చు.

నడుస్తున్నదాని కథే చిక్కు. దాని రిజిస్టర్లు మెమరీలో లేవు, ప్రాసెసర్ లోపల ఉన్నాయి. మెమరీలో ఉన్న నకలు, అది గతంలో ఎప్పుడో పడుకున్నప్పటి పాత నకలు. దాన్ని నమ్మితే తప్పుదారి పట్టినట్టే. పైగా డంప్ రాసే కోడ్ కూడా అదే ప్రాసెసర్ మీద నడవాలి, అదే రిజిస్టర్లను వాడుకోవాలి. అంటే సాక్ష్యం సేకరించే పనే సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. ఏదీ తుడవకముందే, కెర్నల్ కిందపడ్డ మొదటి క్షణంలోనే, ఆ కొద్ది అంకెలను ఒక పక్కన రాసి పెట్టాలి. తెర మీది పట్టిక అదే. మనిషికైనా యంత్రానికైనా పనిలో ఉన్నవాడి సాక్ష్యమే దొరకడం కష్టమని ఈ ఉద్యోగంలో నాకు అర్థమైంది.

ఈ చిక్కు కొత్తది కాదు. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అనే పంతులు ఆరో ఎడిషన్ యూనిక్స్ కెర్నల్‌ను వరస వరసకూ వివరిస్తూ 1970ల్లో ఒక పాఠం రాశాడు. లైసెన్సు తకరారు వల్ల అది 1996 దాకా మామూలు అచ్చుపుస్తకంగా రాలేదు. అప్పటిదాకా ప్రపంచమంతా తిరిగినవి జిరాక్సులే. నా చేతికి వచ్చింది జిరాక్సుకు జిరాక్సు, సగం పేజీలు పొగ పట్టినట్టు ఉండేవి. అందులో పీడీపీ-11 మీద డంప్ తీసే కోడ్ ఉన్నది. యంత్రం పడ్డాక ఆపరేటర్ ముందు ప్యానెల్ స్విచ్‌లతో 44 అనే చిరునామా పెట్టి స్టార్ట్ నొక్కాలి. ఆ కోడ్ ముందుగా ఆర్0 నుంచి ఆర్6 దాకా రిజిస్టర్లను మెమరీ మొదట్లో, 4వ చిరునామా నుంచి వరసగా రాస్తుంది. వాటి వెంట ఇంకొక రిజిస్టర్‌నూ దాస్తుంది. అప్పుడు నడుస్తున్న ప్రాసెస్ వివరాలు మెమరీలో ఎక్కడున్నాయో చెప్పేది అదే. తర్వాత మెమరీ మొత్తాన్ని మ్యాగ్నెటిక్ టేపు మీదికి తోస్తుంది. ఆర్7 ఆ జాబితాలో లేదు. కోడ్ ఏ ఆదేశం దగ్గర ఉన్నదో చెప్పేది ఆర్7. ఆపరేటర్ 44 పెట్టి స్టార్ట్ నొక్కినప్పుడే దానిలో ఉన్నది పోయింది, ఇక దాచడానికేముంది! ఆ పేజీ చదివిన రాత్రి నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏండ్ల కింద అమెరికాలో యూనిక్స్ రాసినవాళ్లు పడ్డ కష్టమే నేను ఎల్లారెడ్డిలో పడుతున్నాను.

నిజామాబాద్ ఆఫీసులో బ్రాంచిల్లో ఉన్న స్కో యూనిక్సే వేసిన పెట్టె ఒకటి ఉండేది. టేపు తెచ్చి దాంట్లోకి ఎక్కించి, క్రాష్ అనే ప్రోగ్రామ్‌ను డంప్ మీదికి వదిలేవాణ్ణి. డంప్‌తో పాటు ఆ బ్రాంచి కెర్నల్ ఫైలు కూడా ఉండాలి, వేరే కెర్నల్‌తో చదివితే పేర్లన్నీ జారిపోతాయి. ప్యానిక్ అని కొడితే తెర మీది రిజిస్టర్ల పట్టికే మళ్లీ వస్తుంది. ట్రేస్ అని కొడితే స్టాక్. ప్రాక్ అని కొడితే అన్ని ప్రాసెస్‌ల పట్టిక: వరస నంబరు, స్థితి, పిఐడి, దాని తల్లి, ఏ ఈవెంట్ కోసం పడుకున్నదో, పేరు. దాన్ని డాట్ మ్యాట్రిక్స్ మీద ప్రింటు తీసి, చిల్లుల అంచులు చింపి, నేల మీద పరచుకుని పెన్సిలుతో గీతలు గీసేవాణ్ణి. థ్రెడ్ అన్న మాట అప్పటికింకా మా చెవిన పెద్దగా పడలేదు. ప్రాసెస్ అనేవాళ్లం. పని మాత్రం అదే.

మెమరీ పెంచిన బ్రాంచుల్లో ఇంకో తంటా. 16ను 32 చేసేవాళ్లు, స్వాప్‌ను మాత్రం అట్లాగే వదిలేసేవాళ్లు. డంప్ సగంలో తెగేది. కావల్సిన స్టాక్ ఎప్పుడూ తెగిన సగంలోనే ఉండేది, నా రాత. ఇది కాక, స్వాప్ మీదే డంప్ రాస్తుంది గనుక, మెమరీ చాలక అంతకుముందే స్వాప్‌లోకి పోయి పడుకున్నవి దాని కింద నలిగి మాయమయ్యేవి.

ఎల్లారెడ్డి కేసు ఇక్కడ చెప్పాలి. ఒక బ్రాంచిలో పెట్టె సాయంత్రం పూట పడేది. రోజూ కాదు, వారంలో ఎప్పుడో ఒకసారి, క్యాష్ టాలీ అయ్యాక డే ఎండ్ మొదలుపెట్టే వేళకు. ట్రాప్ ఈ. సీఆర్2లో ఎప్పుడూ చిన్న అంకె, రెండు హెక్సా అక్షరాలకు మించదు. తప్పు జరిగిన చిరునామాను ప్రాసెసర్ సీఆర్2లో పెడుతుంది. అది అంత చిన్నదంటే ఎవరో ఖాళీ పాయింటర్ పట్టుకుని, దాని వెనక నిర్మాణం ఉందనుకుని లోపలి గడిని ముట్టుకున్నారన్నమాట. అంతవరకూ తేలిక. కానీ ఎవరు? ఒకసారి పడ్డప్పుడు నడుస్తున్నది వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్. ఇంకోసారి ఎవరో గుమాస్తా నిల్వ చూస్తున్న ప్రోగ్రామ్. మరోసారి ఏ పనీ లేక ఊరికే ఉన్న కెర్నల్ తాలూకు ప్రాసెస్. బ్యాంకు సాఫ్ట్‌వేర్ వాళ్లది తప్పని మావాళ్లు, మెమరీ చిప్పులు చెడ్డాయని సాఫ్ట్‌వేర్ వాళ్లు. చిప్పులు మార్చినా పడటం ఆగలేదు.

ప్రాసెసర్ ఏ ఆదేశం దగ్గర ఉన్నదో చెప్పే ఈఐపీ అంకెను కెర్నల్ పేర్ల పట్టికలో వెతికితే ప్రతిసారీ సీరియల్ కార్డును నడిపే డ్రైవర్‌లోనే తేలేది, దాని ఇంటరప్ట్ ఫంక్షన్‌లో. ఇంటరప్ట్ అంటే కార్డు వచ్చి ప్రాసెసర్ భుజం తట్టడం. ఆ క్షణాన ఎవరు నడుస్తుంటే వాళ్ల స్టాక్ మీదే ఆ ఫంక్షన్ నడుస్తుంది. కాబట్టి క్రాన్‌కూ పాపం ఏమీ తెలియదు, గుమాస్తా ప్రోగ్రామ్‌కూ తెలియదు. వాళ్లు ఆ దారిన పోతూ ఉన్నారు, అంతే. పడ్డవాణ్ణి ఎంత తిరగేసినా ఏమీ దొరకదు.

పడుకున్నవాళ్లను ఒక్కొక్కరినే చదవడం మొదలుపెట్టాను. ఇది ఓపిక పని. టెర్మినల్ ముందు కూర్చునే ప్రాసెస్‌లు దాదాపు అన్నీ ఒకే తీరుగా, అక్షరం కోసం ఎదురుచూస్తూ కనిపిస్తాయి. ప్రింటవుట్ల మధ్య పోల్చి చూస్తే ఒక్కటి తేడాగా ఉన్నది. అది అక్షరం కోసం కాదు, తన టెర్మినల్ మూసేయడం పూర్తి కావడం కోసం పడుకుని ఉన్నది. బయటికి పోవాల్సిన అక్షరాలు ఇంకా మిగిలి ఉన్నాయి, అవి పోతే గానీ మూయలేదు. అది ఏ పోర్టని చూస్తే క్యాష్ కౌంటర్‌ది. తర్వాతి డంప్‌లోనూ అదే పోర్టు, అదే తీరు.

ఎల్లారెడ్డి పోయి అటెండర్‌ను అడిగాను, టాలీ అయినంక క్యాష్ కౌంటర్‌ను ఏం చేస్తావని.

"బంద్ జేస్త సార్. క్యాషియర్ సారు లేస్తడు, నేను గోడకున్న స్విచ్ ఆఫ్ జేస్త. ఉరుములకు కాలిపోతదని మేనేజర్ సారే జెప్పిండు."

మేనేజర్ చెప్పింది మంచి మాటే, మా దిక్కు పిడుగులకు టెర్మినళ్లు కాలిన సంగతి అబద్ధం కాదు. కానీ డ్రైవర్ రాసినవాళ్లు ఆ స్విచ్‌ను ఊహించలేదు. తెర మీదికి అక్షరాలు పోతుండగా టెర్మినల్ ఆరిపోతే, డ్రైవర్ ఆ పోర్టు తాలూకు నిర్మాణాన్ని తొందరపడి వదిలేసేది. కార్డులో మిగిలిన ఆఖరి ఇంటరప్ట్ ఆ తర్వాత వచ్చేది. రెండింటి మధ్య సందు చాలా చిన్నది, అందుకే వారంలో ఎప్పుడో ఒకసారి. స్విచ్ పక్కన, లాగౌట్ అయినంకనే ఆఫ్ చేయాలని కాగితం అంటించాం. డంప్ అచ్చులు కార్డు కంపెనీకి కొరియర్ చేస్తే కొంతకాలానికి కొత్త డ్రైవర్ ఫ్లాపీ వచ్చింది. ఆ బ్రాంచిలో ఆ తీరు ప్యానిక్ మళ్లీ రాలేదు. వారం వారం పడే పెట్టె పడటం ఆపితే ఎవరూ గమనించరు. వరండాలోని రైతులకు అసలే తెలియదు. అటెండర్ మాత్రం, "స్విచ్‌తోని గింత లొల్లా సార్" అని చాలాకాలం నవ్వాడు.

2000 తర్వాత అన్ని బ్రాంచిల లెక్కలూ ఒకేచోట పెట్టే కోర్ బ్యాంకింగ్ వచ్చింది. ఒక్కొక్క బ్రాంచి నుంచి సర్వర్‌ను మోసుకుపోయారు. పచ్చ తెరలు పాత సామాను కింద లారీ ఎక్కాయి. అద్దాల గదులు కొన్నిచోట్ల ఏటీఎంలకు పనికొచ్చాయి, కొన్నిచోట్ల పాత వోచర్ల గోదాములయ్యాయి. శాంటా క్రజ్ వాళ్లు తమ యూనిక్స్ వ్యాపారాన్ని 2001లో కాల్డెరా అనే కంపెనీకి అమ్మేశారు. అది స్కో పేరు పెట్టుకుని, లైనక్స్ విషయంలో 2003లో ఐబీఎం మీద దావా వేసి, 2007లో దివాలాకు పోయింది. అప్పటికి నేను హైదరాబాద్ చేరి, లైనక్స్ సర్వర్ల సపోర్టులో పడ్డాను.

హైదరాబాద్‌లో పెట్టెకు ఒక ప్రాసెసర్ కాదు, నాలుగు, ఎనిమిది. చిక్కు కూడా అన్ని రెట్లు పెరిగింది. ఒకటి పడ్డా మిగతావి ఇంకా నడుస్తూనే ఉంటాయి. డంప్ తీస్తుంటే కిందినుంచి మెమరీ మారిపోతూ ఉంటుంది. పైగా పడ్డ కెర్నల్ తన డిస్కు డ్రైవర్‌తోనే డంప్ రాయాలంటే, ఆ డ్రైవరే చెడి ఉంటే? డంప్ రాదు సరికదా, తప్పుచోట రాసి డిస్కునే చెరపవచ్చు. ఎస్‌జీఐ వాళ్ల ఎల్కేసీడీ, రెడ్ హ్యాట్‌లో వచ్చిన నెట్‌డంప్, డిస్క్‌డంప్ అన్నీ ఈ భయంతో బతికినవే. ఒక్కోసారి మా దగ్గరికి వచ్చేది కస్టమర్ కెమెరాతో తీసిన తెర ఫొటో ఒక్కటే. ఇరవై అయిదు వరసల తెర. అసలు కారణం ఉన్న పై వరసలు అప్పటికే పైకి జరిగి పోయి ఉండేవి. మళ్లీ ఎలిఫెంట్లూ ఢిల్లీలే.

దారి దొరికింది 2005 ఆగస్టులో, 2.6.13 కెర్నల్‌తో. దాని పేరు కడంప్. నడుస్తున్న కెర్నల్ నుంచి నేరుగా ఇంకో కెర్నల్‌లోకి దూకించే, ఎరిక్ బీడర్‌మన్ రాసిన కెఎక్జెక్ మీద ఐబీఎంలో వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ వంటివాళ్లు దాన్ని కట్టారు. పెట్టె లేచేటప్పుడే కొంత మెమరీని పక్కన పెట్టి, అందులో రెండో కెర్నల్‌ను కూర్చోబెడతారు. మొదటిది పడ్డదంటే, పడ్డ ప్రాసెసర్ తన రిజిస్టర్లను తనకని కేటాయించిన చోట రాస్తుంది. మిగతా ప్రాసెసర్లకు ఎన్ఎంఐ పంపుతుంది. అది కాదనడానికి వీల్లేని ఇంటరప్ట్, తలుపులన్నీ మూసుకుని పనిచేస్తున్నవాణ్ణి కూడా లేపుతుంది. ఒక్కొక్కటీ తన రిజిస్టర్లు తాను రాసి, ఉన్నచోటే నిలబడిపోతుంది. వాటి కోసం పడ్డ ప్రాసెసర్ ఒక సెకను చూస్తుంది, అంతకుమించి ఆగదు. తర్వాత రెండో కెర్నల్‌లోకి దూకుతుంది. చెడనిది గనుక అది తీరుబడిగా, తన డ్రైవర్లతో, చనిపోయినదాని మెమరీని ఫైలుగా రాస్తుంది. పనిలో ఉన్నవాళ్ల సాక్ష్యం పోకుండా పట్టే పద్ధతి అది. అంతకంటె మంచిది నేను ఇంకా చూడలేదు.

క్రాష్ అనే పేరుతోనే డేవ్ ఆండర్సన్ చేసిన సాధనం లైనక్స్‌కూ వచ్చింది. బీటీ అంటే స్టాక్. పీఎస్ అంటే పట్టిక. ఫర్‌ఈచ్ బీటీ అంటే పడుకున్నవాళ్లందరి కథలూ ఒక్క దెబ్బతో. ఎల్లారెడ్డి డంప్ కోసం నేల మీద పరచిన కాగితాల పని ఇప్పుడు ఒక్క వరస ఆదేశం. కంపైలర్ ఫ్రేమ్ పాయింటర్లను తీసేసిన రోజుల్లో స్టాక్‌లో మిగిలిన పాత చిరునామాలు కూడా నిజమైనవాటిలాగే వరసలో కలిసి వచ్చేవి. ఏది నిన్నటిది, ఏది ఈ క్షణానిది అని ఏరుకోవడానికి అసెంబ్లీ చదవాల్సి వచ్చేది. 2017లో 4.14 కెర్నల్‌తో ఓఆర్‌సీ అనే పట్టిక వచ్చి ఆ అవసరం కూడా చాలావరకు తీర్చింది. మంచిదే. మెడనొప్పి తగ్గింది.

పోయింది ఒక్క స్కో పెట్టె కాదు. ఒక్క పట్టికతో రెండు రాత్రులు గడిపే తీరిక పోయింది. ఇప్పుడు పెట్టె పడితే దాన్ని తీసేసి కొత్త వర్చువల్ మిషన్ ఎక్కించి ముందుకు పోతారు. ఎందుకు పడిందని అడిగేవాళ్లకు గంట టైమిస్తే గొప్ప. నాకు దాని మీద కోపం లేదు, లోకం అట్లా నడవాల్సి వచ్చింది. కాకపోతే తప్పు కూడా కొత్త మిషన్‌తో పాటే మళ్లీ ఎక్కుతుంది, అది మాత్రం మారలేదు.

మా దిక్కు నుంచి హైదరాబాద్‌లో అమీర్‌పేట పోయి కంప్యూటర్ కోర్సులు చేసి, అక్కడి నుంచి సర్వర్లు చూసే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కలిసినప్పుడు వాళ్లకు ఒకటే చెబుతాను, ఇది చదువుతున్నవాళ్లకూ అదే. కడంప్ ఆన్‌లో ఉందని నమ్మి ఊరుకోకండి. రెండో కెర్నల్‌కు పక్కన పెట్టిన మెమరీ చాలుతుందా, డంప్ పడే డిస్కులో చోటున్నదా, ఆ కెర్నల్ సింబళ్ల ఫైలు దాచారా చూసుకోండి. అసలు పనిలోకి ఇవ్వకముందే సిస్‌ఆర్‌క్యూ సీ అనే ఆదేశంతో పెట్టెను మీ చేత్తో మీరే ఒకసారి పడగొట్టి, వచ్చిన ఫైలు తెరిచి, అన్ని ప్రాసెసర్ల రిజిస్టర్లూ అందులో ఉన్నాయో లేవో లెక్కపెట్టండి.